వెనుకకు త్రిప్పుటయు, తిరిగి వచ్చుటయు



నందిగామ, జగ్గయ్యపేట మొదలైన మన మెట్ట ప్రాంతపు ఊళ్లలో ఇప్పుడు సినిమా చూచుటకు హాలుకు పోవలసిన పనిలేదు. సినిమా ఇంటికే వచ్చినది. గోడకు తగిలించిన టీవీలోనో, అరచేతిలో ఇమిడే ఫోనులోనో పిల్లలు బొమ్మల చిత్రములు చూచుచున్నారు. వీటిలో ఒక వింత రకమును గూర్చి ఈ నెల ఆలోచింపదలచితిమి. ఈ చిత్రములలో కథ నడుమ ఆగును. వీరుడు రెండు ద్వారముల యెదుట నిలిచియుండును. ఎడమ ద్వారమా, కుడి ద్వారమా అని తెర చూచువానినే అడుగును. పిల్లవాడు మీట నొక్కును. వాడు కోరిన దారినే కథ సాగిపోవును. ఆ దారి నచ్చని యెడల వెనుకకు త్రిప్పి రెండవ దారిని చూడవచ్చును. రాక్షసుని చేతిలో చచ్చిన వీరుడు మరల లేచి ఆ ద్వారమునొద్దనే నిలుచును.

చూచుటకు ఇది చిన్న ఆట. దీనిని గూర్చి సంఘ పత్రికలో వ్రాయవలసినంత సంగతి యేమున్నదని కొందరు అడుగవచ్చును. అయితే ఈ ఆట మనుష్య జీవితములోని మిక్కిలి గంభీరమైన విషయమును ముట్టుచున్నది. కోరుకొనుట అనగా ఏమి? ఒకసారి కోరుకొన్న దానిని మరల మార్చుకొనగలమా? మార్చుకొనగలిగిన యెడల మారుమనస్సునకును, వెనుకకు త్రిప్పు మీటకును భేదమేమి? పిల్లవాడు ఈ ప్రశ్నలను అడుగడు. వాని వ్రేళ్లు మాత్రము వీటికి ఏదో ఒక జవాబును నేర్చుకొనుచునే యుండును. గనుక పెద్దలమైన మనమే అడుగవలెను.

ఈ విధమైన చిత్రములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1967లో కెనడా దేశములోని మాంట్రియల్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవాకియా వారు 'కినోఆటోమాట్' అను చిత్రమును చూపిరి. దాని దర్శకుడు రాదూజ్ చిన్‌చెరా. ప్రతి కుర్చీకి ఎఱ్ఱ మీట ఒకటి, పచ్చ మీట ఒకటి అమర్చిరి. కథ నడుమ చిత్రమును ఆపి, అందులో నటించిన నటుడే వేదిక మీదికి వచ్చి, ఇప్పుడేమి జరుగవలెనని ప్రేక్షకులను అడిగెడివాడు. ఎక్కువమంది ఏ మీట నొక్కిన ఆ దారిలో కథ నడచెడిది. లోపల రెండు యంత్రములు ఒకేసారి తిరుగుచుండగా, ఓడిపోయిన దారిని చూపు యంత్రపు అద్దమును మూసివేసెడివారు. ఇంతకును అందులోని కిటుకు ఏమనగా, ప్రేక్షకులు ఏ మీట నొక్కినను కథ చివరకు మేడ తగలబడుటలోనే ముగిసెడిది. దారులు వేరైనను గమ్యమొక్కటే.

తరువాత ఇది బొమ్మల చిత్రములకు ప్రాకినది. 1983లో డాన్ బ్లూత్ అను చిత్రకారుడు 'డ్రాగన్స్ లెయిర్' అను ఆటకు బొమ్మలు గీసెను. అందులో ఒక వీరుడు మహాసర్పము చెరలోనున్న రాకుమారిని విడిపించుటకు కోటలో ప్రవేశించును. ఆడువాడు సమయమునకు సరిగా మీట నొక్కని యెడల వీరుడు చచ్చును. 2003లో 'స్కర్జ్ ఆఫ్ వరల్డ్స్' అను చిత్రము ఇండ్లలో చూచుకొను డీవీడీగా వచ్చినది. 1974లో అమెరికాలో బయలుదేరిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను ఊహల ఆటయే దానికి మూలము. 2017 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ బూట్లు తొడిగిన పిల్లి కథను ఈ రీతిగా పిల్లలకొరకు విడుదల చేసినది. అందులో కోరుకొనవలసిన తావులు 13 కలవు. ముగింపులు మాత్రము 2. అదే సంస్థ 2018 డిసెంబరులో పెద్దలకొరకు 'బాండర్‌స్నాచ్' అను చిత్రమును, 2022లో మన దేశపు నటుడు రణవీర్ సింగ్‌తో అడవి ప్రయాణపు చిత్రమును తెచ్చినది. 2024 డిసెంబరులో అట్టి చిత్రములలో చాలవాటిని ఆ సంస్థయే తీసివేసినది. అయినను ఈ పద్ధతి పోలేదు. దారులు కోరుకొను కథల ఆటలు ఫోనులలో ఎన్నియో కలవు.

మన తెలుగువారికి ఇది పూర్తిగా క్రొత్తది కూడ కాదు. 1947లో మదరాసునుండి వెలువడనారంభించిన 'చందమామ' పత్రికను చదివి పెరిగిన వారికి బేతాళ కథలు తెలియును. బేతాళుడు కథ చెప్పి చివర ఒక చిక్కు ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. అక్కడ వినువాడు తీర్పరి కావలెను. అట్లే మన ఇండ్లలో పెద్దలు ఆడిన వైకుంఠపాళి కలదు. అందులో పుణ్యమునకు నిచ్చెన, పాపమునకు పాము. అయితే ఎక్కుటయు దిగుటయు పాచికల వశము. ఆడువాని మనస్సుతో పనిలేదు. వైకుంఠపాళిలో ఫలితమున్నది, కోరిక లేదు. ఈ క్రొత్త చిత్రములలో కోరిక ఉన్నది, ఫలితము నిలువదు. జీవితములోనో కోరికయు ఉన్నది, దాని ఫలితము నిలుచునదియు ఉన్నది. ఈ మూడింటికిని గల తేడాను పిల్లలు ఎరుగుట అవసరము.

మొదట ఈ కోరుకొనుట ఎంతవరకు నిజమో చూతము. ప్రతి తావునను రెండు దారులుండి, ప్రతి దారియు నిజముగా వేరైపోయిన యెడల, పది తావులు దాటునప్పటికి 1,024 కథలు కావలెను. అన్ని కథలకు బొమ్మలు గీయించుట ఎవరి తరము? గనుక కథకులు ఏమి చేయుదురనగా, వేరైన దారులను కొంత దూరము పోనిచ్చి మరల ఒకచోట కలుపుదురు. మునేరు, పాలేరు ఎటు వంపులు తిరిగినను చివరకు కృష్ణలోనే కలియునట్లు ఈ దారులును కలిసిపోవును. పిల్లవాడు తానే కథ నడుపుచున్నానని సంతోషించును. వాడు నడచుట నిజమే గాని దారి వేసినవారు వేరు. పైగా వాడు ఏ దారి పట్టెనో వ్రాసిపెట్టుకొనువారును కలరు. 2019లో ఒక పరిశోధకుడు చట్టప్రకారము అడుగగా, 'బాండర్‌స్నాచ్' చిత్రములో అతడు చేసిన కోరికలను సంస్థ భద్రపరచియున్నట్లు బయటపడెను.

ఇందులో మనము నేర్చుకొనదగిన పాఠము కలదు. లోకము మన యెదుట రెండు ద్వారములను పెట్టి, నీ ఇష్టమని చెప్పునప్పుడు, ఆ రెండును ఎవరు పెట్టిరో అడుగుట వివేకము. పదవ తరగతి ముగియగానే మన పిల్లలను ఇంజనీరా, డాక్టరా అని అడుగుచున్నాము. పిల్లవాడు ఒకటి చెప్పగానే వానికి స్వేచ్ఛ ఇచ్చితిమని తృప్తిపడుచున్నాము. దానియేలును జ్ఞాపకము చేసికొనుడి. బబులోనులో ఆ యౌవనస్థుని యెదుట ఉన్నవి రెండే దారులు: రాజు భోజనము తినుట, లేదా రాజు కోపమునకు గురియగుట. అతడు ఆ రెంటిలో దేనినైనను ఊరక పట్టుకొనలేదు. పది దినములు కూరగాయలును నీళ్లును ఇచ్చి పరీక్షించి చూడుమని వినయముతో మూడవ దారిని అడిగెను. తెరమీద లేని దారిని అడుగుటకు ఏ మీటయు లేదు. ప్రార్థించు హృదయమునకు, ఆలోచించు బుద్ధికి ఆ దారి కనబడును.

రెండవది, కోరుకొనకుండుటను గూర్చి. 'బాండర్‌స్నాచ్' చిత్రములో చూచువాడు పది సెకన్లలో మీట నొక్కని యెడల యంత్రమే వానికి బదులుగా ఒక దారిని కోరుకొని కథ సాగించెడిది. ఇది జీవితమునకు చాల దగ్గరగా ఉన్నది. తీర్పు చెప్పవలసిన పిలాతు నీళ్లు తెప్పించి చేతులు కడుగుకొనెను. ఆ కడుగుకొనుటయే తీర్పు అయ్యెను. ఏలీయా కర్మెలు పర్వతముమీద రెండు తలంపుల మధ్య తడబడుచున్న జనులను అడిగినప్పుడు వారు మాటలాడక యుండిరి. మాటలాడక యుండుట జవాబు కాదని వారు తలంచియుందురు. కాని మనము మౌనముగా కూర్చున్నను కాలము కూర్చుండదు. పొరుగువాడు అన్యాయము పొందుచుండగా మనము నోరు మెదపని యెడల, అన్యాయము చేయువాని పక్షమున మీట నొక్కబడినదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము. వెనుకకు త్రిప్పుట. మన ప్రాంతపు రైతులను అడిగిన యెడల దీనికి జవాబు చెప్పుదురు. ఏటేట వానలు పడగానే పత్తియా, మిరపయా అని వారు నిర్ణయించుకొందురు. 2021లో మిరపను నమ్ముకొన్నవారి చేలలో నల్ల తామరపురుగు పడి పూతను, పిందెను పాడుచేసినది. అప్పుడు ఆ రైతు గట్టుమీద నిలిచి జూన్ మాసమునకు తిరిగిపోలేదు. విత్తనమునకు, మందులకు, కౌలుకు తెచ్చిన అప్పు అట్లే నిలిచినది. 2023 జూలైలోను, మరల 2024 సెప్టెంబరు ఆరంభములోను మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరము వద్ద జాతీయ రహదారి మీదికి వచ్చినది. అట్టి నీటి యెదుట బండి ఆపుకొని నిలిచినవానికి దాటుటయా, ఆగుటయా అను రెండు దారులే కలవు. నీటిలోనికి దిగిన తరువాత తాను దిగని దారి ఎట్లుండునో చూచి వచ్చెదనని ఎవడును అనజాలడు.

చేలును ఏరులును మాత్రమే కాదు. మాటయు అట్టిదే. కోపములో భార్యను అన్న మాట, పెండ్లి సంబంధములో చెప్పిన అబద్ధము, తోబుట్టువునకు రావలసిన పొలమును వ్రాయించుకొన్న కాగితము, వీటికి వెనుకకు త్రిప్పు మీట లేదు. తెరమీద వీరుడు తన స్నేహితుని విడిచి పారిపోయిన తరువాత మీట నొక్కగానే ఆ స్నేహితుడు మరల నవ్వుచు ప్రక్కన నిలుచును. తాను విడువబడిన సంగతి అతనికి జ్ఞాపకముండదు. ఈ ఆటలోని గొప్ప అపాయము ఇదియేయని మేము తలంచుచున్నాము. చూచుచున్న రాక్షసులు కారు అపాయము. గాయపడినవాని జ్ఞాపకము లెక్కలోనికి రాకపోవుటయే అపాయము.

ఇక్కడ ఒకరు న్యాయముగా అడుగవచ్చును: "క్రైస్తవులు మీరే గదా క్షమాపణను ప్రకటించువారు? పాపములను సముద్రపు అగాధములో వేసినట్లు, తూర్పు పడమరలంత దూరము పంపినట్లు మీ లేఖనములు చెప్పుచున్నవి గదా? అట్లయిన మీ దేవుడు వెనుకకు త్రిప్పువాడే గదా?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి లేఖనములలోని మనుష్యుల జీవితములనే చూతము.

దావీదు పశ్చాత్తాపపడెను; క్షమింపబడెను. అయినను ఊరియా మరల బ్రదికి యుద్ధమునుండి ఇంటికి రాలేదు. దావీదు తన మిగిలిన దినములన్నియు ఊరియా లేని లోకములోనే బ్రదుకవలసి వచ్చినది. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చినది. అతడు అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లించెదనని లేచి చెప్పెను. వెనుకకు త్రిప్పు మీట ఉండిన యెడల ఒక్క కాసు చెల్లింపనక్కర లేదు గదా! తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చెను. తండ్రి ఉంగరము తొడిగెను, విందు చేసెను. కాని ఖర్చయిపోయిన ఆస్తి తిరిగి రాలేదు. పోయిన దూరమంతయు ఆ కుమారుడు తన కాళ్లతోనే నడచి రావలసెను. పేతురు బొంకిన రాత్రిని ప్రభువు చెరిపివేయలేదు. సముద్రతీరమున నిప్పుల యొద్ద మూడు మారులు ప్రేమను గూర్చి ఆయన పేతురును అడిగెను. బొంకినన్ని మారులు పేతురు ఆ నొప్పిగల చోటనే నిలిచి జవాబు చెప్పవలసెను.

గనుక భేదము స్పష్టముగా కనబడుచున్నది. వెనుకకు త్రిప్పువాడు తాను చేసినది జరుగలేదనును. మారుమనస్సు పొందువాడు అది జరిగినది, చేసినవాడను నేనేయని ఒప్పుకొనును. మీట నొక్కువానికి బాధపడినవాని ముఖము చూడనక్కర లేదు. తిరిగి వచ్చువాడు ఆ ముఖమును వెదకుచు పోవలెను. క్షమాపణ జరిగినదానిని జరుగనిదానిగా చేయదు. జరిగినదాని తరువాత కూడ నడచుటకు ఒక దారి కలదని చూపును. పాపములను దూరము చేయుదునని దేవుడు చెప్పినది శిక్షను గూర్చియే గాని, పొరుగువానికి మనము చెల్లింపవలసిన అప్పును గూర్చి కాదు. ఒక తండ్రి తన ఇంటిలో గట్టిగా అరచి, పిమ్మట ప్రార్థన చేసికొని, బిడ్డను పలుకరింపకయే నిద్రపోయిన యెడల, అతడు మీట నొక్కినవాడే గాని తిరిగి వచ్చినవాడు కాడు.

ఇంకొక మాట. ఈ చిత్రములను చూచు పిల్లలకు ఒక్క దారితో తృప్తి ఉండదు; దారులన్నియు చూచువరకు విడువరు. జగ్గయ్యపేట ప్రక్కనున్న ధనంబోడు కొండమీద ప్రాచీన బౌద్ధ స్తూపము కలదు. 1882లో బర్జెస్ అను పండితుడు అక్కడ త్రవ్వించెను. అక్కడ దొరికిన శిల్పములలో మాంధాత చక్రవర్తి పలక పేరుగాంచినది. అది ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. బంగారు నాణెముల వాన కురియుచుండగా రాజు నిలిచియుండును. బౌద్ధుల కథలో ఆ రాజు ద్వీపములన్నియు ఏలి, స్వర్గమునకు పోయి, ఇంద్రుని సింహాసనములో సగము పొంది, అదియు చాలక పూర్తిగా కోరి క్రిందపడెను. వేరొక మతమువారు చెక్కినదైనను ఆ రాతిలోని హెచ్చరిక మనదియే. ఒక దారిని పట్టుట అనగా తక్కిన దారులను విడుచుట. విడిచినందుననే పట్టినదానికి విలువ వచ్చును. పెండ్లినాడు ప్రమాణము చేయువారు, ఒక గ్రామమునకు పనికై పోవు ఉపదేశి, ముసలి తల్లిని చూచుకొనుటకై పట్నపు ఉద్యోగమును మానుకొన్న కుమారుడు, వీరందరు ఈ సంగతి నెరిగినవారే. దారులన్నియు చూచినవాడు ఏ దారిలోను నడచినవాడు కాడు.

మన నందిగామ ప్రాంతపు రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మనుష్యుడు ఉండెను. విగ్రహములు దేవుడు కావని తెలిసికొని, నిజమైన దేవుడవు నీవెవరవో నాకు కనుపరచుమని ఆయన పేరు తెలియని దేవునికి ప్రార్థించుచుండెను. బెజవాడలో కృష్ణా స్నానములకు కూడిన జనులలో విచారింపగా, మిషనరీ టి. వై. డార్లింగు గారిని గూర్చి తెలిసినది. 1859లో వెంకయ్య గారు బాప్తిస్మము పొందిరి. ఆ చరిత్ర మన సంఘములలో చాలమందికి తెలిసినదే. ఇక్కడ మేము ఎత్తి చూపదలచినది ఒక్కటే. ఆయన యెదుట రెండు దారుల ముగింపులను ఎవరును ముందుగా చూపలేదు. ఏమి పోగొట్టుకొనవలసి వచ్చునో, తన వెనుక ఎందరు నడతురో ఆయనకు తెలియదు. తెలియకయే నడచిరి, నడచి మరలక నిలిచిరి. చిత్రమును గీసినవానికి పిల్లవాడు ఏ ద్వారమున పోయినను దుఃఖము లేదు, సంతోషము లేదు. వెంకయ్య గారు వెదకిన దేవుడు అట్టివాడు కాడు. కుమారుడు ఇంకను దూరముగా ఉండగానే చూచి పరుగెత్తి వచ్చు తండ్రి ఆయన.

అట్లయిన ఈ చిత్రములను ఇండ్లలో నిషేధింపవలెనా? మేము అట్లు చెప్పుట లేదు. ఊరక కన్నులప్పగించి చూచుటకంటె, ఆగి ఆలోచించుట మేలు. తాను చేసిన పనికి ఫలితమున్నదని పిల్లవాడు తెలిసికొనుట మేలు. పిరికితనము నొక దారిలోను, ధైర్యము నొక దారిలోను పోల్చి చూచుటకు ఇది పలకవంటిది. పలకమీద తప్పు వ్రాసి తుడుచుకొనవచ్చును. పలకమీద దిద్దుకొన్నవాడే గదా తరువాత కాగితముమీద వ్రాయును! అయితే కాగితము పలక కాదని చెప్పువారు ఇంటిలో ఉండవలెను.

గనుక తలిదండ్రులకు, సండేస్కూలు ఉపాధ్యాయులకు కొన్ని మాటలు. పిల్లలతో కూర్చుండి చూడుడి. మీట నొక్కకముందు, ఈ దారి ఎందుకని అడుగుడి. ఒక దారి పట్టిన తరువాత అది ఎంత చేదైనను చివరివరకు చూచి, ఆ పిమ్మటనే రెండవదానికి పోవుట ఇంటి నియమముగా పెట్టుడి. వీరుడు విడిచిపోయిన స్నేహితునికి ఎట్లుండెనో చెప్పుమని అడుగుడి. అన్నిటికంటె ముఖ్యముగా, తెర ఆర్పిన తరువాత వారికి నిజమైన చిన్న కోరికలను అప్పగించుడి. చేతిలో పది రూపాయలు పెట్టి, కానుకకు ఎంత, మిఠాయికి ఎంత అని వారినే తేల్చుకొననిండు. మిఠాయికే పోయిన యెడల మరల ఇయ్యకుడి. కుక్కపిల్లను పెంచుదునన్న పిల్లవానిచేత ప్రతి ఉదయమును దానికి అన్నము పెట్టించుడి. తమ్ముని కొట్టిన యెడల, తప్పయినదని గోడవైపు చూచి చెప్పుట కాక, తమ్ముని ముఖము చూచి చెప్పునట్లు నేర్పుడి.

ఆ పాఠమును మనము ముందుగా నేర్చుకొన్న గాని పిల్లలు నేర్చుకొనరు. మనలో ఎవరికైనను పలుకరింపక విడిచిన అన్నయుండవచ్చును. మరల చెల్లింపవలసిన సొమ్ముండవచ్చును. ఆ దినమునకు తిరిగి పోలేము. ఆ యింటికి పోగలము. నందిగామనుండి జగ్గయ్యపేటకైనను, జగ్గయ్యపేటనుండి నందిగామకైనను బస్సులు తిరుగుచునే యున్నవి. వచ్చే నెల ప్రభురాత్రి భోజన సంస్కారమునకు ముందుగా ఆ ప్రయాణము ముగించుకొందము.